ఉరిశిక్ష, మరణశిక్ష ఒకటేనా: ఒక ఆడియో కోర్సుపై సమీక్ష

మరణశిక్ష చరిత్రను, దాన్ని అమలుచేసిన పద్ధతులను, దానిపై రెండున్నర శతాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాలను పన్నెండు పాఠాల్లో వివరించే ఒక తెలుగు ఆడియో కోర్సును ఇటీవల కొనుక్కుని మొత్తం విన్నాను. నాలుగు పాఠాలను రెండోసారి కూడా విన్నాను. ఒక్కో పాఠం నలభై నిమిషాలకు అటూ ఇటూగా సాగుతుంది. చెప్పేది ఒకే గొంతు. మధ్యలో ప్రకటనలు లేవు. ఇంత బరువైన విషయాన్ని తెలుగులో, ఎవరినీ రెచ్చగొట్టకుండా, ఓపికగా చెప్పిన ప్రయత్నం నాకు ఇంతకు ముందు తారసపడలేదు కాబట్టి మెచ్చుకోవలసింది మొదటే మెచ్చుకుంటున్నాను. అయితే కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఒక మాట ముందే చెప్పాలి. రాజ్యం ప్రాణం ఎలా తీస్తూ వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ కోర్సు చాలా ఇస్తుంది. అసలు తీయవచ్చా అనే ప్రశ్నతో వచ్చినవారు మాత్రం అర్ధాకలితో లేచి వెళ్లవలసి వస్తుంది.

నా మొదటి అభ్యంతరం భాష గురించి, కానీ అది భాషతో ఆగిపోయేది కాదు. మాటల్లోనూ వార్తల్లోనూ మరణశిక్షను 'ఉరిశిక్ష' అనడం మనకు అలవాటైపోయింది. మరణశిక్ష అనేది న్యాయస్థానం విధించే శిక్ష పేరు. ఉరి అనేది ఆ శిక్షను అమలుచేసే విధానాల్లో ఒకటి మాత్రమే. కోర్సు రాసినవారికి ఈ తేడా తెలియదని అనుకోలేను, ఎందుకంటే తొలి పాఠంలో వారే దాన్ని చక్కగా విడమరిచి చెప్పారు. అయినా మూడో పాఠానికి వచ్చేసరికి పాత అలవాటు తిరిగొచ్చింది; అయిదో పాఠంలో ఏకంగా 'విద్యుత్ కుర్చీలో అమలైన తొలి ఉరిశిక్ష' అన్న మాట వినిపించింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను, నా చెవుల పొరపాటు కాదు. దీన్ని నవ్వుకుని వదిలేయవచ్చు, కానీ శిక్ష పేరులో పద్ధతి కలిసిపోయినప్పుడు, పద్ధతిని చర్చిస్తే శిక్షను చర్చించినట్లేనన్న భ్రమ సులువుగా కలుగుతుంది. పన్నెండు పాఠాల్లో ఎనిమిది పద్ధతులకే వెళ్లిపోవడం వెనుక ఆ భ్రమే ఉందని నా అనుమానం.

ఆ ఎనిమిదింటిలో ఉరి గురించిన రెండో పాఠం అన్నిటికన్నా బాగుంది. ఉరి అంటే ఎప్పుడూ ఒకే ప్రక్రియ అనుకునేవారికి ఇది కళ్లు తెరిపిస్తుంది. 19వ శతాబ్దం మధ్యదాకా బ్రిటన్‌లో ఉరి అంటే చాలాసార్లు ఊపిరాడక నెమ్మదిగా చనిపోవడమే. ఐర్లాండ్‌కు చెందిన శామ్యూల్ హాటన్ అనే పండితుడు 1866లో ఈ విషయాన్ని యంత్రశాస్త్ర దృష్టితో పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. 1872లో విలియం మార్వుడ్ అనే తలారి, ఖైదీ బరువును బట్టి పడే దూరాన్ని నిర్ణయించే పద్ధతిని ఆచరణలోకి తెచ్చాడు. లెక్క కుదిరితే మరణం తక్షణమే వస్తుందన్నది ఆ పద్ధతి ఇచ్చిన హామీ. యంత్రమో లెక్కో తప్పితే ఏమవుతుందో 1885లో జరిగిన రెండు సంఘటనలు చూపించాయి. ఎక్సెటర్ జైలులో జాన్ లీ అనే ఖైదీని మూడుసార్లు నిలబెట్టినా కాళ్ల కింది తలుపు తెరుచుకోలేదు, అతని శిక్షను యావజ్జీవ కారాగారంగా మార్చారు. అదే ఏడాది నార్విచ్‌లో లెక్క తప్పి, పడే దూరం ఎక్కువై, ఖైదీ తల తెగిపోయింది. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం ఆబర్డేర్ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది, దాని నివేదిక 1888లో వచ్చింది, ఆ తరువాత ప్రభుత్వమే అధికారిక పట్టికలు జారీచేసింది. చావును ప్రభుత్వ కార్యాలయపు పట్టికగా మార్చిన ఈ ఘట్టాన్ని కోర్సు ఎంత నిదానంగా, ఎంత నిక్కచ్చిగా చెప్పిందంటే, ఈ ఒక్క పాఠం కోసమే కొన్నా నష్టం లేదని చెప్పగలను.

ఇక్కడే ఒక చిన్న ఫిర్యాదు. ఈ పాఠంలో రెండు చోట్ల చెక్కతలుపు దబ్బున తెరుచుకునే శబ్దం చేర్చారు. వ్యాఖ్యాత గొంతు అంత నిగ్రహంగా ఉన్నప్పుడు ఆ శబ్దం అవసరం ఏమిటో అర్థం కాలేదు. నివేదిక చదువుతున్నట్టు చెప్పే మాటల్లో ఉన్న భయం, ఆ నాటకీయమైన చప్పుడులో లేదు.

మూడో పాఠం తలారుల గురించి. ఇంగ్లండ్‌లో వందల మందిని ఉరితీసి, 1956లో ఆ పని వదిలేసిన ఆల్బర్ట్ పియర్‌పాయింట్, 1974లో వచ్చిన ఆత్మకథలో, తాను తీసిన ప్రాణాలు ఏ ఒక్క హత్యనూ ఆపాయని నమ్మడం లేదన్న అభిప్రాయానికి వచ్చినట్లు రాశాడు. కోర్సు దీన్ని చెప్పి, వెంటనే తాళ్ల నాణ్యత గురించిన చర్చలోకి వెళ్లిపోయింది. పద్ధతిని అందరికన్నా దగ్గరగా ఎరిగిన మనిషి శిక్ష గురించే మాట్లాడితే, ఆ మాట దగ్గర కాసేపు నిలబడవలసింది.

తల నరికే యంత్రమైన గిలెటిన్ గురించిన పాఠాన్ని వేగంగా దాటవచ్చు, తెలిసిన కథే ఎక్కువ. ప్రభువులకు కత్తి, సామాన్యులకు ఉరితాడు అన్న తేడా పోవాలని 1789లో జోసెఫ్ గిలెటిన్ అనే వైద్యుడు ప్రతిపాదించడం, ఆంత్వాన్ లూయీ అనే మరో వైద్యుడు నమూనా సిద్ధం చేయడం, తంత్రీవాద్యాలు తయారుచేసే జర్మన్ పనివాడు టోబియాస్ ష్మిట్ దాన్ని నిర్మించడం, 1792 ఏప్రిల్ 25న ఒక దారిదోపిడీ దొంగపై తొలిసారి వాడడం, ఇవన్నీ సరిగానే ఉన్నాయి. ఆ యంత్రం ఫ్రాన్స్‌లో చివరిసారి పనిచేసింది 1977 సెప్టెంబరులో, అంటే మనలో చాలామందికి జ్ఞాపకం ఉండగల కాలంలో. నాలుగేళ్ల తరువాత, 1981లో, న్యాయశాఖ మంత్రి రొబేర్ బదాంతేర్ పట్టుదలతో ఆ దేశం మరణశిక్షనే రద్దుచేసింది. రద్దు కోసం బదాంతేర్ చేసిన వాదనకు, బ్లేడు ఎంత పదునైనది అన్నదానికి సంబంధం లేదన్న విషయం పాఠంలో రాకపోవడం లోటే.

విద్యుత్ కుర్చీ పాఠంలో వ్యాపారం కథలోకి వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం ఉరికి బదులు మానవీయమైన పద్ధతి కావాలని 1886లో ఒక సంఘాన్ని నియమించింది. అందులో బఫెలో నగరానికి చెందిన ఆల్ఫ్రెడ్ సౌత్‌విక్ అనే దంతవైద్యుడు విద్యుత్తును గట్టిగా సమర్థించాడు. అదే కాలంలో ఎడిసన్ ఏకముఖ విద్యుత్తుకూ (డీసీ) వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏకాంతర విద్యుత్తుకూ (ఏసీ) మధ్య మార్కెట్ కోసం పోటీ నడుస్తోంది. ప్రత్యర్థి సరఫరా ఎంత ప్రమాదకరమో ప్రజలకు చూపడానికి మరణశిక్ష ఎడిసన్ పక్షానికి ఒక అవకాశంగా కనిపించింది. 1890 ఆగస్టు 6న ఆబర్న్ జైలులో విలియం కెమ్లర్‌పై దాన్ని తొలిసారి ప్రయోగించారు. మొదటి ప్రయోగం పదిహేడు సెకన్లు సాగింది, చనిపోయాడని ప్రకటించారు, అంతలో అతను ఊపిరి తీస్తున్నాడని గమనించి మళ్లీ విద్యుత్తు పంపవలసి వచ్చింది. ఈ భాగాన్ని కోర్సు అతిశయోక్తి లేకుండా చెప్పింది. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఆ తరువాతి వాక్యం: అంత జరిగినా కుర్చీని వదిలేయలేదు, ఇతర రాష్ట్రాలు కూడా తీసుకున్నాయి. కొన్న సరుకు మొదటి రోజే విఫలమైనా తిరిగి ఇవ్వని కొనుగోలుదారు ప్రభుత్వమే కాబోలు.

గ్యాస్ ఛాంబర్, ఫైరింగ్ స్క్వాడ్ రెండింటినీ కలిపి ఒకే పాఠంలో చుట్టేశారు. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1924లో తొలిసారి విషవాయువును వాడిన సంగతి ఉంది. కాల్చి చంపే పద్ధతి పాతబడిపోయిందని చెప్పిన వాక్యాన్ని మాత్రం సవరించుకోవాలి. 2010లో యూటాలో దాన్ని వాడారు, 2025 మార్చిలో దక్షిణ కరోలినాలో ఒక ఖైదీ ఆ పద్ధతినే ఎంచుకున్నాడు. ఆ ఎంపిక ఎందుకు చేశాడో అర్థం కావాలంటే ఇంజెక్షన్ పాఠాలు వినాలి.

ఇంజెక్షన్‌కు కోర్సు రెండు పాఠాలు కేటాయించింది, అది న్యాయమే. 1977లో ఓక్లహోమాలో, ఆ రాష్ట్ర ప్రధాన వైద్య పరీక్షకుడిగా ఉన్న జే చాప్‌మన్ మూడు మందుల వరసను సూచించాడు. మొదటిది స్పృహ తప్పించడానికి, రెండోది కండరాలను కదలకుండా చేయడానికి, మూడోది గుండెను ఆపడానికి. 1982 డిసెంబరులో టెక్సాస్ దీన్ని తొలిసారి అమలుచేసింది. ఇతర రాష్ట్రాలు చాలావరకు ఆ వరసనే తీసుకున్నాయి. ఇక్కడ కోర్సు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: రెండో మందు ఎవరికోసం? మొదటి మందు సరిగా పనిచేయకపోతే, కండరాలు బిగుసుకుపోయిన మనిషి లోపల ఎంత బాధ పడుతున్నా బయటికి కనిపించదు, అతను కేక కూడా వేయలేడు. అద్దం అవతల కూర్చున్న సాక్షులకు కనిపించే ప్రశాంతత ఆ మందు తెచ్చిపెట్టిన ప్రశాంతత. బాధ లేకపోవడానికీ బాధ కనిపించకపోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన పాఠం కోర్సులో మరొకటి లేదు.

తరువాతి పాఠం మందుల సరఫరా గురించి. వాణిజ్యం చదువుకున్నవారికి ఇది ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. మొదటి మందు అయిన సోడియం థయోపెంటాల్‌ను అమెరికాలో తయారుచేసిన హాస్పిరా కంపెనీ 2011లో దాని ఉత్పత్తి నుంచి తప్పుకుంది. ఇటలీలోని కర్మాగారంలో తయారుచేద్దామంటే, మరణశిక్షలకు వాడబోమన్న హామీ కావాలని అక్కడి అధికారులు అడిగారు. అదే ఏడాది చివర్లో ఐరోపా సమాఖ్య ఇలాంటి మందుల ఎగుమతిపై నియంత్రణ పెట్టింది. 2016లో ఫైజర్ కూడా తన మందులు ఈ పనికి చేరకుండా పంపిణీని కట్టుదిట్టం చేస్తామని ప్రకటించింది. వైద్య సంఘాలు తమ సభ్యులు పాల్గొనకూడదన్న నియమాన్ని గట్టిగా నిలబెట్టుకున్నాయి. ఫలితంగా రాష్ట్రాలు కొత్త మందులను వెతుక్కోవడం, ఎవరు సరఫరా చేస్తున్నారో బయటపెట్టకూడదని చట్టాలు చేసుకోవడం మొదలైంది. 2014 ఏప్రిల్‌లో ఓక్లహోమాలో ఒక ఖైదీ మరణించడానికి నలభై మూడు నిమిషాలు పట్టింది. ప్రాణం కాపాడే మందును ప్రాణం తీయడానికి వాడితే, ఆ మందు తయారీదారే చేయి వెనక్కి తీసుకోవడం, దానివల్ల ఒక రాజ్యం విధించిన శిక్ష ఏళ్ల తరబడి ఆగిపోవడం అనే విడ్డూరాన్ని కోర్సు తేదీలతో సహా, తొందరపడకుండా వివరించింది.

ఈ కథకు కొనసాగింపుగా నైట్రోజన్ పాఠం ఉంది. 2022 నవంబరులో అలబామాలో ఒక ఖైదీకి సూది ఎక్కించడానికి నరం దొరక్క ప్రయత్నాన్ని ఆపేశారు. అదే మనిషిని 2024 జనవరి 25న నైట్రోజన్ వాయువుతో చంపారు, ప్రపంచంలో ఈ పద్ధతితో మరణశిక్ష అమలుకావడం అదే మొదలు. క్షణాల్లో స్పృహ పోతుందని అధికారులు ముందు చెప్పారు. కొన్ని నిమిషాల పాటు అతను వణికిపోయాడని, గిలగిలలాడాడని చూసినవారు తరువాత చెప్పారు. గిలెటిన్ నుంచి ఇక్కడిదాకా ప్రతి కొత్త పద్ధతితో పాటు వచ్చిన మాట ఒకటే, ఇకమీదట బాధ ఉండదని. ఈ మాట ప్రతి పాఠంలోనూ వినిపిస్తుంది, కానీ అది పదే పదే ఎందుకు చెప్పవలసి వస్తోందని కోర్సు ఒక్కసారీ అడగదు.

అడగడానికి కావలసిన సామగ్రి అంతా వారి చేతిలోనే ఉంది. బ్రిటన్‌లో 1949 నుంచి 1953 దాకా పనిచేసిన రాయల్ కమిషన్, ఉరి, విద్యుత్తు, వాయువు, ఇంజెక్షన్ అన్నిటినీ పోల్చిచూసి, ఉరిని మార్చవలసిన అవసరం కనిపించలేదని తేల్చింది. దీన్ని కోర్సు చెప్పింది. ఆ కమిషన్‌కు అప్పగించిన పనిలో మరణశిక్ష ఉండాలా వద్దా అన్న ప్రశ్నే లేదన్న సంగతిని మాత్రం వదిలేసింది. రద్దు ఊసెత్తకుండా, శిక్షను ఎంతవరకు పరిమితం చేయాలి, ఎలా అమలుచేయాలి అన్నవి మాత్రమే చర్చించమని చెప్పి కూర్చోబెట్టిన పెద్దమనుషుల సంఘం అది. భారత లా కమిషన్ సంగతి కూడా ఇలాగే జారిపోయింది. 2003లో 187వ నివేదికలో అది ఉరితో పాటు ఇంజెక్షన్‌ను ప్రత్యామ్నాయంగా చేర్చాలని సూచించింది. 2015లో 262వ నివేదికలో, ఉగ్రవాద సంబంధ నేరాలను, దేశంపై యుద్ధం చేయడాన్ని మినహాయించి మరణశిక్షనే తొలగించాలని సిఫార్సు చేసింది. పన్నెండేళ్ల తేడాతో ఒకే సంస్థ పద్ధతి ప్రశ్న నుంచి శిక్ష ప్రశ్నకు నడిచివచ్చింది. కోర్సులో మొదటి నివేదిక ఏడో పాఠంలోనూ రెండోది పన్నెండో పాఠంలోనూ వస్తాయి, రెండింటి మధ్య ఒక్క వాక్యం కూడా వంతెన వేయదు.

అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల విషయంలోనూ ఇదే జరిగింది. 2015 నాటి గ్లాసిప్ తీర్పు, 2019 నాటి బక్‌లూ తీర్పు ప్రకారం, ఒక పద్ధతి క్రూరమని వాదించే ఖైదీ, అందుబాటులో ఉన్న మరో పద్ధతిని తానే చూపించాలి. తన చావుకు మెరుగైన దారిని తానే ప్రతిపాదిస్తే తప్ప అతని ఫిర్యాదు నిలవదు. పద్ధతి చర్చ శిక్ష చర్చను మింగేయడమంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపగల ఉదాహరణ నాకు తోచదు. కోర్సు దీనికి రెండు నిమిషాలు ఇచ్చింది.

ఇక వాదోపవాదాల పాఠం. నలభై నిమిషాల్లో ప్రతీకార న్యాయం, భయపెట్టి నేరాన్ని ఆపడం, బాధితుల హక్కు, రాజ్యానికి ఉన్న అధికారం అన్నీ ఇమడాలంటే ఇరుకే. అయినా ఒక పోలిక బాగా కుదిరింది. 1764లో ఇటలీకి చెందిన ఆలోచనాపరుడు బెకారియా, జీవితాంతం సాగే నిర్బంధ శ్రమే మరణం కన్నా మనుషులను ఎక్కువ భయపెడుతుందని వాదించాడు. 1868లో బ్రిటిష్ పార్లమెంటులో మరణశిక్షను సమర్థించిన తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, యావజ్జీవ కారాగారం అసలు మరణం కన్నా క్రూరమైనదని, కానీ చూసేవారికి అలా కనిపించదని అన్నాడు. ఇద్దరూ ఒకే తక్కెడను పట్టుకుని చెరో వైపు మొగ్గారు. శిక్షను సమర్థించేవారి పక్షాన్ని ఇంత గౌరవంగా వినిపించినందుకు కోర్సును అభినందించాలి, ఎందుకంటే వారిని రక్తదాహులుగా చిత్రించడం తేలిక. కూతురినో కొడుకునో పోగొట్టుకున్న తల్లిదండ్రులు న్యాయం కోరితే, దాన్ని పగ అని కొట్టిపారేయడం వాదన అనిపించుకోదు.

నిరోధక ప్రభావం విషయంలో మాత్రం తడబడ్డారు. ఒక్కో మరణశిక్ష ఎనిమిది దాకా హత్యలను ఆపుతుండవచ్చన్న ఆర్థికవేత్త ఐజాక్ ఎర్లిక్ 1975 నాటి అంచనాను వివరంగా చెప్పి, దానిపై వచ్చిన విమర్శను ఒక ముక్తాయింపుగా మాత్రమే ప్రస్తావించారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలేవీ మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందనో, పెంచుతుందనో, ప్రభావమే లేదనో తేల్చలేవని, విధాన నిర్ణయాలకు వాటిని ఆధారం చేసుకోరాదని చెప్పిన సంగతి కోర్సులో లేనే లేదు. ఇది రెండు పక్షాలకూ అసౌకర్యమైన ముగింపు కాబట్టి తప్పకుండా ఉండవలసింది.

న్యాయస్థానాల పొరపాట్ల గురించిన పదకొండో పాఠం మళ్లీ గాడిలో పడింది. తిమతీ ఎవాన్స్‌ను 1950లో ఇంగ్లండ్‌లో ఉరితీశారు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన క్రిస్టీ అదే ఇంట్లో ఉంటూ పలువురు స్త్రీలను చంపినవాడని మూడేళ్ల తరువాత బయటపడింది. ఎవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది, అప్పటికి అతను లేడు. జపాన్‌లో 1968లో మరణశిక్ష పడిన ఇవావో హకమాదా 2014 దాకా జైలులో ఉన్నాడు, 2024 సెప్టెంబరులో న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా ప్రకటిస్తూ, సాక్ష్యాధారాలను దర్యాప్తు అధికారులే కల్పించారని చెప్పింది. ఆ దేశంలో ఉరి సంగతి ఖైదీకి ఆ రోజు ఉదయమే తెలుస్తుంది. దశాబ్దాల పాటు ప్రతి ఉదయమూ అలా గడిపిన మనిషికి ఏ పద్ధతి మానవీయమైనదన్న ప్రశ్నకు ఏం అర్థం ఉంటుంది? ఈ పాఠాన్ని రెండో పాఠంగా పెట్టి ఉంటే కోర్సు స్వరూపమే మారిపోయేది. కొనేవారికి నా సలహా కూడా అదే: మొదటి పాఠం తరువాత నేరుగా పదకొండుకు వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి రండి.

సాంకేతిక విషయాల్లో పెద్దగా చెప్పేదేమీ లేదు. యాప్ సాఫీగా పనిచేసింది, ఆగిన చోటే మొదలవుతుంది. పాఠాల లిఖితపాఠం ఇవ్వకపోవడం పెద్ద లోపం; ఇన్ని పేర్లు, తేదీలు ఉన్న కోర్సును చెవితో మాత్రమే గుర్తుపెట్టుకోవడం కష్టం. దీని గురించి రాస్తే రెండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు, త్వరలో చేరుస్తామన్నారు. 'ఉరిశిక్ష' అన్న మాట గురించి కూడా రాశాను. శ్రోతలకు అలవాటైన మాట కాబట్టి వాడామని బదులిచ్చారు.

పన్నెండో పాఠం అయిపోయాక ఒక చిన్న ప్రశ్నావళి వస్తుంది. దానిలో చివరి ప్రశ్న, 'అన్నిటికన్నా మానవీయమైన పద్ధతి ఏది?' కింద అయిదు జవాబులు: ఉరి, కాల్పులు, విద్యుత్తు, ఇంజెక్షన్, నైట్రోజన్. ఏదో ఒకటి ఎంచుకోకపోతే యాప్ ముందుకు కదలదు, కోర్సు పూర్తిచేసినట్లు సర్టిఫికెట్ ఇవ్వదు. మూడు వారాలుగా ఆ పేజీ నా ఫోనులో అలాగే తెరిచి ఉంది.